ఆరు కణుపులు

మిషనులో చెయ్యి పడి పోయినవి ముందు చెబుతాను. కుడిచేతికి రెండు వేళ్లు, వాటితో ఆరు కణుపులు, కంటినిండా నిద్ర, మిషను చప్పుడు ముందు నిలబడే ధైర్యం. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లను నేను బొటనవేలితో నాలుగు వేళ్ల పన్నెండు కణుపుల మీదే, డజన్ల చొప్పున లెక్కపెట్టేవాణ్ణి.

ఆసుపత్రికి వచ్చినవాళ్లంతా నా కట్టు చూసి ఏడ్చారు. మిల్లులో పత్తి ఏరే పెద్దమ్మ ఏడవలేదు. ఎవరికి దెబ్బ తగిలినా ఆమె అడిగేది ఒక్కటే: "ఏ షిఫ్టుకొస్తవ్ రా?"

"ఇంకేం షిఫ్టు పెద్దమ్మా? లెక్కవెట్టుటానికి వేళ్లేవి?"

"ఆరు కణుపులున్నయ్ గదా. రెండుసార్లు తిప్పు."

కట్టు విప్పకముందే రోజూ వచ్చి, వార్డులో మంచాలు, కిటికీ చువ్వలు నాతో లెక్కపెట్టించింది.

తిరిగి పనికి వెళ్తే మేనేజరు నన్ను గేటు కాపలాకు పొమ్మన్నాడు. ఆమె తట్ట దించి అడ్డం నిలబడింది.

"ఎందుకు పోతడు సారూ? లెక్క వేళ్లల్ల ఉంటదా, తలకాయల ఉంటదా?"

అంతలో మిషను మొదలైంది. నేను రెండడుగులు వెనక్కి జరిగాను. ఆమె తన చెయ్యి తెచ్చి పక్కన చాపింది.

"ఏం ఫికర్ వెట్టుకోకు. తక్కువైనయి నా మీద లెక్కవెట్టు."

ఆరు నా చేతి మీద, ఆరు ఆమె చేతి మీద లెక్కపెట్టాను. ఆ పూట ఒక్క బేలు కూడా తప్పలేదు. గేటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె ఇప్పుడు లేదు. నేనింకా అక్కడే లెక్కపెడుతున్నాను. ఆమెకు నా బాకీ ఈరోజుకీ ఆరు కణుపులు.