తిమింగలాన్ని యాడ చూద్దాం?

ఆ రోజుల్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. దాంతోపాటే ప్రపంచంలో దేన్నైనా నేనే ఏర్పాటు చేయగలనన్న పొగరు కూడా వచ్చింది. మాది రాప్తాడు. వాన పడితే ఇంట్లో వాళ్లందరూ పని వదిలేసి వాకిట్లోకొచ్చి చూసే ఊరు (కొంచెం ఎక్కువ చెప్పాను, కొంచెమే). అలాంటి చోట మా మేనత్త, ఫోన్లో తిమింగలం నీళ్లు చిమ్మే వీడియో చూసి, "పాపా, దీన్ని కండ్లారా చూడల్ల. నన్ను తీస్కపో" అంది. కుందుర్పిలో గొర్రెల వెనక అరిచి అరిచి గొంతు పెంచుకున్న మనిషి. ఆమె అడిగిందంటే అది ఆజ్ఞే.

చిక్కల్లా ఆమె తమ్ముడితో, అంటే మా నాయనతో. "అక్క ఒంటిగా పోతే పడవోడితో కొట్లాట పెట్టుకుంటాది, నేనూ వస్తా" అని తయారయ్యాడు. ఒకరు ఔనంటే ఇంకొకరు కాదనాలి, లేకపోతే ఇద్దరికీ అన్నం సహించదు. విశాఖపట్నం అన్నాను. "ఆడికి తిమింగలం ఎప్పుడొస్తాదో దానికే తెలీదు" అన్నాడు నాయన. గోవా అన్నాను. "గోవానా! ఊర్లో ఏమనుకుంటారే?" అంది అత్త. మురుడేశ్వరానికి అత్త సరేనంది, కాబట్టి నాయన వద్దన్నాడు. చివరికి, శ్రీలంక దక్షిణపు ఒడ్డున మిరిస్సా అనే ఊరుందనీ, చలికాలంలో అక్కడ తిమింగలాలు బాగా కనబడతాయనీ చెప్పాను. "విమానం ఎక్కల్లనా?" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. వాళ్లు ఏకమవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు నాయన దగ్గర చేరి, "విమానమంటే నీకు భయమని అత్త అంటాంది నాయనా" అన్నాను. కుందుర్పికి తిరిగెళ్లిన అత్తకు ఫోన్ చేసి అదే ముక్క తిప్పి చెప్పాను. సాయంత్రానికల్లా ఇద్దరూ పాస్‌పోర్ట్ ఫోటోలకు సిద్ధం (ఫోటోలో నాయన, పోలీసులు వెతుకుతున్న మనిషిలా వచ్చాడు).

మిరిస్సాలో తెల్లారుతూనే పడవెక్కాం. చాలాసేపు నీళ్లు తప్ప ఏమీ లేవు. ఇంతలో ఎవరో ఎడమవైపు చెయ్యి చూపించారు. అందరం అటు ఉరికాం. అత్త అందరినీ తోసుకుని ముందు నిలబడింది. కుడివైపు కమ్మీ పట్టుకుని నాయన ఒక్కడే వాంతి చేసుకుంటున్నాడు. సరిగ్గా ఆయన ముఖం ముందే, నల్లటి బండలాగా, తిమింగలం లేచింది. పిలుద్దామంటే నోరు ఖాళీగా లేదు. "అ... అ..." అన్నాడు. "ఊరికే ఉండరా, ఈడ తిమింగలం వస్తాదంట" అని అత్త కసిరింది. మేము తిరిగేసరికి నీళ్లు మళ్లీ చదునుగా ఉన్నాయి.

ఆ తర్వాత ఇంకేదీ లేవలేదు. అత్త మొహం చూడలేకపోయాను. నాయన గెలిచానని ఎగరలేదు. నోరు తుడుచుకుని ఆమె పక్కన కూర్చుని, "మన ఇల్లంత ఉండాది అక్కా. కన్ను మాత్రం మన గొర్రె కన్ను మాదిరే, మెత్తగా" అని మెల్లగా చెప్పాడు. అత్త అంతా విని, ముక్కు చీది, నా వైపు తిరిగింది.

"మళ్లీ వస్తాం పాపా. ఈసారి వీడు యా పక్క కక్కితే, నేను ఆ పక్కే నిలబడతా."

రెండోసారి ఇంకా పోలేదు. అత్త మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నాయన చెప్పిన ప్రతిసారీ తిమింగలం కొంచెం పెరుగుతోంది, అత్త కాదనడం మానేసి వింటోంది. ఊరూ కాలమూ అన్నీ ఎంచి, సముద్రాన్ని కూడా తానే నడిపిస్తున్నట్టు పడవలో నిలబడ్డ ఆ పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొస్తే నవ్వొస్తుంది. దాన్ని ఒకసారి దగ్గరికి పిలిచి జడ సవరించాలనిపిస్తుంది.