ఆవిడ చిక్కుడు, నా పెంట

ఎవరైనా నా కంపోస్టు అడిగితే ఇప్పుడు మూడు వారాలు ఆగమంటాను. ముందు ఒక కుండీలో ఆ ఎరువు నింపి, షాపులో కొన్న బీన్స్ గింజలు నాలుగు వేసి, ఆకులు తిన్నగా విచ్చుకుంటున్నాయో లేదో చూస్తాను. తోటకు కొత్తగా వచ్చినవాళ్ళు నా జాగ్రత్తను తెగ మెచ్చుకుంటారు. మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ బుద్ధి నాకు చదువుకుంటే రాలేదు. ఒక పెద్దావిడ ఏళ్ళ తరబడి కాపాడుకున్న విత్తనాన్ని నాశనం చేస్తే వచ్చింది.

నేను ఆక్లండ్‌కు చదువుకోడానికి వచ్చి, ఉద్యోగం దొరికి, పెళ్ళయి, ఊరి శివార్లలో పాపకూర అనే చోట అద్దె ఇంట్లో సెటిల్ అయినదాన్ని. మా ఇంటికి రెండు వీధుల అవతల, కమ్యూనిటీ హాలు వెనక ఒక తోట ఉంది. చుట్టుపక్కలవాళ్ళు తలా ఒక మడి తీసుకుని కూరలు పండించుకుంటారు. పారేసిన చెక్క పాలెట్లతో అక్కడ మూడు గూళ్ళు కట్టి కంపోస్టు చేసే పని నేనే నెత్తిన వేసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. శనివారాలు ఒక కోర్సుకు కూడా వెళ్ళాను. పచ్చి చెత్త ఎంత, ఎండు చెత్త ఎంత, కుప్ప లోపల వేడి ఎంత, ఎన్నాళ్ళకోసారి తిరగెయ్యాలి, అన్నీ నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. కుప్పలోకి గుచ్చి చూసే పొడుగాటి థర్మామీటరు తెచ్చుకున్నాను. మా ఆయన దాన్ని చూసి, "మనింట్ల ఎవలికన్న జరమొస్తె గింత సక్కగ చూసినవా ఎన్నడన్న?" అన్నాడు.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాకు 'పెంట మేడమ్' అని పేరు పెట్టారు. నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను గానీ ఆ రోజంతా మళ్ళీ గ్రూపు తెరవలేదు. ఆ ఏడు శీతాకాలం తర్వాత మొదటి కుప్ప పండింది. నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ నేల వాసనతో ఉంది. అప్పటిదాకా ముక్కు మూసుకున్నవాళ్ళే శనివారం పొద్దున్నే బకెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. గ్రూపులో నా పేరులో పెంట పోయి మేడమ్ మాత్రం మిగిలింది. ఆ మేడమ్ నా తలకెక్కింది. తర్వాత జరిగినదానికంతటికీ మూలం అదే.

ఆ తోటలోనే ఆ పెద్దావిడ పరిచయం. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్ళది. చెరకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్ళినవాళ్ళ మనవరాలు. డెబ్బై దాటాయి. ఇంట్లో మనవలతో ఇంగ్లీషు, చుట్టాలతో ఫిజీ హిందీ. తెలుగులో మాట్లాడడానికి ఆవిడకు మిగిలింది నేనొక్కదాన్నే. ఆవిడ తెలుగులో పెద్ద పెద్ద మాటలు లేవు. మట్టి, నీళ్ళు, తిండి, జ్వరం, కోపం, వీటికి సరిపడా ఉన్నాయి. మొదటి రోజు నా గూడు దగ్గరికొచ్చి, గుప్పెడు తీసి వాసన చూసి, "ఇది ఏంది బేటీ?" అంది.

"కంపోస్టు ఆంటీ."

"కంపోస్టు ఎందుకు? పెంట కదా ఇది."

నాకు నవ్వాగలేదు. మా వైపు ఆ మాటతో ఎలా తిట్టుకుంటారో చెప్పాను. ఎవరైనా పని చెడగొడితే పెంట చేశావంటారని, అందుకే నలుగురిలో ఆ మాట అనకూడదని చెప్పాను. ఆవిడ చేతిలోని గుప్పెడు మళ్ళీ వాసన చూసింది.

"పెంట లేకపోతే తిండి ఎక్కడిది? మంచి మాట తిట్టు ఎట్లా అయింది?"

చాయ్ తాగి పొమ్మని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ రోజు నుంచి, నేను ఎప్పుడు వెళ్ళినా చాయ్ తాగకుండా కదలనిచ్చేది కాదు.

ఆవిడ ఇంటి వెనక, రోజంతా ఎండ తగిలే కంచె మీద చిక్కుడు తీగ ఉండేది. వెడల్పాటి కాయ, అంచున ఊదా గీత. గింజ నల్లన, దాని మీద తెల్లటి కన్ను. వాళ్ళ నాయనమ్మ ఓడలో కొంగున కట్టుకుని తెచ్చిన గింజ అని చెప్పింది. ఫిజీ నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో నేను అడగలేదు. సంచిలో మరిచిపోయిన ఆపిల్ పండును కూడా ఎయిర్‌పోర్టులో పట్టుకుని జరిమానా వేసే దేశం ఇది. ఏటా కోతయ్యాక గింజల్ని బూడిదలో కలిపి పాత పాలపొడి డబ్బాలో దాచేది. మళ్ళీ విత్తే రోజు ఒక గుప్పెడు తియ్యకుండా డబ్బాలోనే ఉంచేసేది.

మా కుప్పలకు పచ్చి చెత్త ఎప్పుడూ తక్కువే. లాన్లు కోసే పని చేసే గోదావరి అబ్బాయి ఒకతను, కోసిన గడ్డి పారేయడానికి చోటు వెతుక్కుంటుంటే నేనే పిలిచి మా గూట్లో పోయమన్నాను. ట్రైలరు నిండా గడ్డి. గొప్ప పని చేశాననుకున్నాను. ఆవిడ మాత్రం దాని చుట్టూ తిరిగింది.

"ఎవరి గడ్డి ఇది? ఏం తిన్న గడ్డి?"

"గడ్డి ఏం తింటది ఆంటీ!"

"మాది ఆవు పెంట. ఆవు ఏం తిన్నదో మాకు తెలుసు."

"లోపల అరవై డిగ్రీలుంటది. ఆ వేడికి అన్నీ చస్తయి," అని థర్మామీటరు గుచ్చి చూపించాను. ఆవిడ దాన్నీ చూసింది, నన్నూ చూసింది. సరేనంది. చదువుకున్న పిల్లనని నమ్మింది.

ఆ వేసవంతా వానలు. ఆవిడకు కాయ సరిగా దిగలేదు. డబ్బాలో నలభై గింజలు కూడా లేవు. మళ్ళీ విత్తే రోజులు వచ్చేసరికి నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆ గింజలు తోటలో అందరికీ పంచితే, ఒకరికి పోయినా ఇంకొకరి దగ్గర ఉంటాయి కదా. ఆవిడ ఎప్పటిలా ఒక గుప్పెడు డబ్బాలో ఉంచుతానంది. "అసలే కొన్ని ఉన్నయి ఆంటీ. దాస్తే ఏమొస్తది? నేలల పెడితే డబ్బా నిండుతది," అన్నాను. ఆవిడ డబ్బా నా దోసిట్లో బోర్లించింది. పంచగా మిగిలినవి ఆవిడ పెరట్లో నా చేత్తోనే పెట్టాను. ప్రతి గుంటలోనూ నా కంపోస్టు నింపాను. తోటలో పెట్టినవాళ్ళూ అదే నింపారు.

మొలకలు బాగానే వచ్చాయి. డిసెంబరుకల్లా, అంటే ఇక్కడి ఎండాకాలం మొదలయ్యేసరికి, ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. తీగ చివర మెలితిరిగి గిడసబారిపోయింది. నా మడిలో టమాటాలదీ అదే వరస. పక్కనే మొక్కజొన్న మాత్రం నిక్షేపంగా ఉంది. అదే నాకు అనుమానం తెచ్చింది. ఫోనులో వెతికితే, కలుపు మందు తగిలిన మొక్కల బొమ్మల్లో అచ్చం మా తీగలే కనిపించాయి. గోదావరి అబ్బాయికి ఫోన్ చేసి, ఆ లాన్లలో ఏమైనా మందు కొడతారా అని అడిగాను.

"ప్రికిల్ స్ప్రే అండీ, ముళ్ళ కలుపు మందు. పిల్లలు ఉత్త కాళ్ళతో తిరుగుతారు కదండీ, ముళ్ళు గుచ్చుకుంటాయని కొట్టిస్తారండీ. గడ్డికేం కాదండీ, పచ్చగానే ఉంటదండీ."

గడ్డికేం కాదు. గడ్డి జాతిదే గనక మొక్కజొన్నకూ ఏం కాదు. చిక్కుడుకే అవుతుంది, టమాటాకే అవుతుంది. నా అరవై డిగ్రీల వేడికి కలుపు గింజలు చచ్చాయి గానీ ఆ మందు చావలేదు. ఆ అబ్బాయి దాచిందేమీ లేదు. గడ్డి పోయించుకున్న ఏడాదికి గానీ నేను ఆ మాట అడగలేదు.

ఆవిడ ఒక ముడుచుకున్న ఆకు తెంపి, అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. గ్రూపులో ఏమనుకుంటారోనని, పోయిన పేరు మళ్ళీ తగులుకుంటుందని, ఈసారి అది నిజమవుతుందని భయపడ్డాను.

"వైరస్ ఆంటీ," అన్నాను. "ఈ ఏడు అందరికీ గిట్లనే అయింది."

ఆవిడ తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "వైరస్ కాదు బేటీ. నా చెయ్యి ముసలిది అయింది. చెయ్యి చెడ్డది అయితే ఏం పెట్టినా రాదు."

కాదని అనలేదు నేను. మిగిలిన కంపోస్టంతా చడీచప్పుడు లేకుండా హాలు ముందు లాన్ మీద చల్లేశాను, గడ్డికేం కాదు కనుక. గ్రూపులో వైరస్ అని ఒక మెసేజి పెట్టాను. అందరూ థాంక్స్ చెప్పారు. చిక్కుళ్ళు ఎవరికీ కాయలేదు. మరుసటి ఏడు ఆవిడ ఏమీ విత్తలేదు. కొడుకు ఆ స్థలమంతా కాంక్రీటు పోయించి కారు పెట్టుకున్నాడు. వద్దనడానికి ఆవిడ దగ్గర కారణం లేకుండా పోయింది. ఆవిడ తోటకు రావడం మానేసింది, ఆవిడకు మొహం చూపించలేక నేను ఆ ఇంటికి వెళ్ళడం మానేశాను.

రెండేళ్ళు గడిచాయి. కొత్తవాళ్ళకు కంపోస్టు గురించి చెప్పమని తోటవాళ్ళు నన్ను నిలబెట్టారు. జాగ్రత్తల దగ్గరికి వచ్చేసరికి, "ఒక తోటలో ఒకసారి ఏమైందంటే," అని మొదలుపెట్టాను. మందు కొట్టిన గడ్డి కథంతా చెప్పాను. ఆ తోట ఏదో, ఆ మనిషి ఎవరో చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. అక్కడినుంచే నేరుగా ఆవిడ ఇంటికి డ్రైవ్ చేశాను.

ఆవిడ గరాజు తలుపు ఎత్తిపెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా కాంక్రీటు, ఆ చివర ఉత్త కంచె. నన్ను చూసి మొహం విప్పారింది. పక్క కుర్చీ లాగింది. కూర్చోకుండానే చెప్పేశాను. గడ్డి, మందు, ఫోన్లో విన్నది, విని కూడా దాచింది. మీ చేతిలో ఏ లోపం లేదని చెప్పాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు, ఓదార్చమని ఆవిడను అడగడమే.

ఆవిడ ఓదార్చలేదు.

"మందు నీకు తెలియదు. గింజ పోయింది, సరే, పోయింది," అంది. "ఆకు తెచ్చి చూపిస్తిని కదా. అప్పుడు నీకు తెలుసు?"

"తెలుసు ఆంటీ."

"రెండు ఏండ్లు ఈ చేతిని నేను తిట్టినాను. మనవరాలు పూల మొక్క తెస్తే ముట్టలేదు, చస్తుందని."

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. చాయ్ మాట ఎత్తలేదు. కుర్చీలోంచి నెమ్మదిగా లేచి, గరాజు తలుపు దించే బటన్ దగ్గరికి నడిచి, అక్కడ నిలబడి నా వైపు తిరిగింది.

"పెంట అంటే తిట్టు ఎట్లా అయింది అని అడిగినాను కదా నిన్ను," అంది. "ఇప్పుడు తెలిసింది."