చూడగా బాగానే ఉంది

మంగళవారం పొద్దున తెనాలి నుంచి టెలిఫోన్ అక్కయ్య వాళ్ల అన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. "మా అత్తయ్య పోయారండి" అన్నాడు. ఏం అడగాలో తోచక, ఎక్కడ అని అడిగాను. తెనాలిలో, తమ ఇంట్లోనేనని, రెండు నెలలుగా మంచం మీదే ఉన్నారని చెప్పాడు. ఆ రెండు నెలల్లో నేను ఆమెతో నాలుగైదుసార్లు ఫోన్లో మాట్లాడాను. రేపల్లెలో తన ఇంట్లో ఉన్నారనే అనుకున్నాను. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

రేపల్లె, భట్టిప్రోలు వైపు అందరూ ఆమెను టెలిఫోన్ అక్కయ్య అనేవారు. తెనాలి ఎక్స్ఛేంజిలో దూరపు ఊళ్లకు ట్రంకు కాల్స్ కలిపే పనిలో చేరి, ఆ పని పోయాక అక్కడి కంప్యూటర్ల దగ్గర కూర్చుని, రిటైరయ్యాక రేపల్లె వచ్చి స్థిరపడ్డారు. ఎక్స్ఛేంజిలో నేర్చుకున్న లినక్స్‌ను, కంప్యూటర్‌ను నడిపే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, వదల్లేదు. చర్చి ఆఫీసులోనైనా, టైలరు కొట్లోనైనా పాత కంప్యూటర్ మూలన పడి ఉందని తెలిస్తే చాలు, వెళ్లి దుమ్ము దులిపి, లినక్స్ ఎక్కించి, అప్పుడప్పుడు పోయి చూసి వచ్చేవారు. ఉచితంగా వచ్చే సరుకు కదా, ఎన్నాళ్లు ఉంటుందని ఎవరో అంటే, "ఉచితంగా వచ్చింది గనకే రోజూ చూసుకోవాలండి, పంచాయతీవాళ్లు ఇచ్చిన మీ వేపమొక్క లాగా" అన్నారట.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఆమె మా ఇంటికి చివరగా వచ్చిన మూడుసార్లూ నా కంప్యూటర్‌లో ఏ తప్పూ లేదు. నేనే అబద్ధం చెప్పి పిలిచాను. జబ్బుతో ఉన్న మనిషిని ఎండలో బస్సెక్కించాను. ఆమె పోయారని విన్నప్పటి నుంచి నా మనసులో ఉన్నది ఆ ఒక్క విషయమే.

నేను రేపల్లె తహసీల్దారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ని. పద్దెనిమిదేళ్లు రాశాను. తర్వాత కంటి నరం ఎండిపోతూ వచ్చి, నలభై మూడో ఏట చూపు పూర్తిగా పోయింది. బల్ల అమ్మేసి భట్టిప్రోలు వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ మిషను కుట్టి ఇల్లు నడిపింది. ఒకప్పుడు అక్కయ్య గారికి ఇంటి పన్ను అర్జీ ఒకటి రాసిపెట్టాను. ఆ పరిచయంతో ఒకరోజు వచ్చారు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, "చేతులు బాగానే ఉన్నాయి కదా తమ్ముడూ, టైపు వచ్చు కదా మీకు" అన్నారు. ఓదార్పు మాట ఒక్కటి అనలేదు.

వారం తర్వాత ఆటోలో కంప్యూటర్ వచ్చింది. బాపట్లలో ఒక కాలేజీవాళ్లు పక్కన పెట్టేసిన పాతది. లినక్స్ ఎక్కించడం ఆమె చెయ్యలేదు, నా చేతే చేయించారు. అందులో తెరమీది అక్షరాలను పైకి చదివే ఏర్పాటు ఉంది. ఎక్కించేటప్పుడే అది మాట్లాడటం మొదలుపెడుతుంది. "ముందు వినండి, తర్వాత నొక్కండి. సగం మంది వినకుండా నొక్కి పాడుచేసుకుంటారు" అన్నారు. డిస్కును రెండు భాగాలు చేయించి, ఒకటి యంత్రం గది, ఒకటి మీ గది అని చెప్పారు. యంత్రం గదిని ఎన్నిసార్లు పడగొట్టి కట్టినా నా గదిలో సామాను కదలదట. పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చినప్పుడు కుర్చీ కిర్రుమంది. "నేను అటు తిరిగాను, కొట్టండి" అన్నారు. నాకు కనిపించదు కాబట్టి ఆమె తిరగకపోయినా నాకు తెలిసేది కాదు. అయినా తిరిగారు.

ఆ యంత్రం గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు ఉండేది. నేను మొదటి అర్జీ కొట్టి చదివిస్తే "గౌ. తహసీల్దారు గారికి" అన్నచోట "గౌ" అని ఆగింది. అక్కయ్య నవ్వారు. "గౌ అంటే ఆవే కదా తమ్ముడూ. ఆఫీసరు వింటే ఊరుకుంటాడా?" అన్నారు. ఆ సాయంత్రం ఉండి, గౌ పక్కన చుక్క కనిపిస్తే గౌరవనీయులైన అనాలని, మం పక్కన చుక్క ఉంటే మండలం అనాలని దానికి నేర్పారు. తర్వాత వచ్చినప్పుడల్లా నాలుగు మాటలు నేర్పేవారు. పెనుమూడి, నిజాంపట్నం, ఇళ్లస్థలం, మురుగు కాలవ. మా వైపు అర్జీలలో వచ్చే మాటలన్నీ అది మెల్లగా మా వైపు మనిషిలాగే పలకసాగింది. జనం మళ్లీ మా అరుగు మీదికి వచ్చారు.

అప్‌డేట్లు పెట్టినప్పుడు ఒక్కోసారి గొంతు ఆగిపోయేది. చూపున్నవాడికి అది చిన్న సంగతి. నాకు కంప్యూటర్ మొత్తం ఆరిపోయినట్టే. మొదటిసారి అలా జరిగితే వెంటనే ఫోన్ చేశాను. వచ్చి సరిచేశారు. "పాడవలేదండి. మనతో మాట్లాడటం మానేసిందంతే. రెండూ ఒకటి కావు" అన్నారు. గొంతును తిరిగి లేపే పనులన్నిటినీ ఒక్క మాటలో కట్టి, ఆ మాటకి విను అని పేరు పెట్టారు. మూడు మీటలు కలిపి నొక్కి, తెర మీద టైపు చేసే కిటికీ తెరిచి, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలి. వినిపించకపోయినా అది వింటుందట. రెండుసార్లు నా చేత చేయించి వెళ్లారు.

అంటే ఆ రోజు నుంచి నాకు ఆమె అవసరం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా గొంతు ఆగిందని, నెమ్మదిగా ఉందని ఫోన్ చేసేవాణ్ని. స్పీకరు వైరు నేనే కాస్త లాగి పెట్టేవాణ్ని. ఆమె వచ్చి గంట కూర్చుంటారు, మా ఆవిడ వండింది తింటారు, ట్రంకు కాల్స్ నాటి కబుర్లు చెబుతారు, నేను అర్జీలు వినిపిస్తాను. మనిషిని ఊరికే రమ్మని పిలవడం నాకు చేతకాలేదు. చివరి రోజుల్లో మెట్ల దగ్గర ఆగి మంచినీళ్లు అడిగేవారు. ఎండ వల్ల అనుకున్నాను.

తెనాలిలో భూస్థాపనకు మేమిద్దరం వెళ్లాం. మా ఆవిడ నా చేతిలో పిడికెడు మట్టి పెట్టింది. కుడివైపు వెయ్యమంది, వేశాను.

తిరిగి వచ్చిన వారానికి నా లినక్స్‌కు గడువు తీరింది. దాని తర్వాత వచ్చిన కొత్తదానికి మారాలి. చివరిసారి వచ్చినప్పుడే అక్కయ్య చెప్పారు. "ఈసారి మీరే మార్చాలి. నేను రాను" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. పొద్దున్నే మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అయిపోయిందని చెప్పి, ఆరి, తిరిగి వెలిగింది. మాట లేదు.

నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే ఆవిడ ఒకరు వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. ఇళ్లస్థలం పట్టాలో ఆమె పేరు తప్పు పడింది. మర్నాడు ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. "కాగితం అయిద్దా బాబూ, లేకపోతే రేపల్లె పోమంటావా?" అంది. ఫోన్ తీయబోయి, ఎవరికి చెయ్యాలో గుర్తొచ్చి పెట్టేశాను. మూడు మీటలు కలిపి నొక్కాను. కిటికీ తెరుచుకుందో లేదో తెలియదు. నాలుగు అక్షరాలు కొట్టి ఆగాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత గులకరాళ్ల గొంతు లేచి ఏదో చదవసాగింది. "ఎవరు నాయనా లోపల?" అని అడిగింది అరుగు మీది ఆవిడ. ఆమె పేరు అక్షరం అక్షరం అడిగి కొట్టి, కాగితం తీసి ఇచ్చాను.

ఆవిడ వెళ్లాక నా గదిలో సామాను అంతా ఉందో లేదో ఒక్కొక్కటే వింటూ పోయాను. ఫిర్యాదులు అనే పేరుతో ఒక ఫైలు ఉంది. అది అక్కయ్యదని తెలుసు కాబట్టి ఎప్పుడూ తెరవలేదు. ఆ రోజు తెరిచాను. ఎక్స్ఛేంజిలో రాసినట్టే, వచ్చిన ప్రతిసారీ ఫిర్యాదు ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేశారు అని రాసి ఉంచారు.

"ఫిర్యాదు, మాట రావడం లేదు. కారణం, అప్‌డేట్. విను నేర్పాను. తమ్ముడికి వచ్చేసింది."

"ఫిర్యాదు, మాట రావడం లేదు. స్పీకరు వైరు సగం బయటికి ఉంది. చూడగా బాగానే ఉంది."

"ఫిర్యాదు, నెమ్మదిగా ఉంది. చూడగా బాగానే ఉంది. ములక్కాడ పులుసు."

చూడగా బాగానే ఉంది అన్నది టెలిఫోన్ వాళ్ల మాట. ఫిర్యాదు వచ్చింది, వెళ్లి పరీక్షిస్తే లైనులో తప్పేమీ లేదు అని దాని అర్థం.

కుట్టుమిషను ఆగింది. మా ఆవిడ కూడా వింటోందని అప్పుడు తెలిసింది. నీకు ముందే తెలుసా అని అడిగాను. వైరు సంగతి అక్కయ్య మొదటి రోజే చెప్పారని అంది. జబ్బు సంగతీ తెలుసునట. మనిషి సగమైపోయారని, జుట్టు రాలి తలకి గుడ్డ కట్టుకుని వచ్చేవారని చెప్పింది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నారండి. 'చెబితే పిలవడం మానేస్తాడమ్మాయ్' అన్నారు."

మిషను మళ్లీ మొదలైంది. నేను కింది బాణం నొక్కాను. చివరి రాత వినిపించింది.

"ఫిర్యాదు, ఆగి ఆగి మాట్లాడుతోంది. చూడగా బాగానే ఉంది. ఆగి ఆగి మాట్లాడింది నేను. తమ్ముడు కనిపెట్టలేదు."

మళ్లీ కిందికి నొక్కాను. రాత లేని వరుస వస్తే ఆ యంత్రం ఖాళీ అంటుంది. ఖాళీ అంది. ఇంకోసారి నొక్కాను. ఖాళీ అంది.