చరిత్ర వింటేనే గేటు తీసే ఓదెలు

సాయంత్రం ఐదయ్యేసరికి ఓదెలు పద్మనగర్ గ్రౌండు గేటుకు అడ్డంగా ఇనుప కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బ్యాటు పట్టుకుని వచ్చినవాడెవడైనా సరే, గ్రౌండు చరిత్ర మొత్తం వింటేనే లోపలికి పోతాడు. ఒకసారి విన్నవాళ్లకు మినహాయింపు లేదు. నిన్న విన్నవాళ్లకు అసలే లేదు, ఎందుకంటే రాత్రికి రాత్రి చరిత్ర పెరిగి ఉంటుంది. పోయినేడు చాయ్ తాగేలోపు అయిపోయేది. ఈ వానాకాలం నుంచి గంట పడుతోంది.

ఓదెలు వయసంతా సాంచాలు బాగుచేసిన మనిషి. ఆ మరమగ్గాల మోతకు చెవులు దెబ్బతిన్నాయి. మధ్యలో "బస్ కాకా" అని అరిచినా వినిపించదు. చాయ్ వచ్చిందంటే మాత్రం వినిపిస్తుంది.

"ఈ గ్రౌండు మొదలు ఏందనుకున్నవ్? గుంత!" అని ఎత్తుకుంటాడు. "నూలుకు గంజి పెట్టేటోళ్లు మిగిలిన గంజి తెచ్చి గిండ్లనే పోసేటోళ్లు. బర్రె దిగిందంటే ఇస్త్రీ చేసిన చీర లెక్క కడక్‌గ బయటికొచ్చేది."

ఆ గుంతను మగ్గాల దగ్గర మిగిలిన పీలికలతో, నూలు తుక్కుతో పూడ్చి పైన ఎర్రమట్టి పోశారన్నది నిజమే. అందుకే అక్కడ బంతి మోకాలు దాటి లేవదు, పరుపు మీద పడ్డట్టు పడుకుంటుంది. నూలు చుట్టే పాత భీములో సిమెంటు పోసి రోలర్ చేసిన మాట కూడా నిజమే. ఆ రోలర్ దానంతటదే దొర్లుకుంటూ నార్పోలి పోయి, అక్కడి రోడ్డు చదును చేసి, మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చిందన్నది మాత్రం ఓదెలు చరిత్ర. నేను మొదటిసారి విన్నప్పుడు ఈ గ్రౌండులో కొట్టిన తొలి సిక్సర్ చాయ్ దుకాణం మీద పడింది. నెల తిరిగేసరికి అదే సిక్సర్ కళ్యాణ్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కింది.

ఆ గ్రౌండులో ఐదింటి వరకు అమ్మాయిల కబడ్డీ, తర్వాత మా పేట సచిన్ జట్టు క్రికెట్. ఆ జట్టుకు స్కోరు రాసేది నేను. పేట పెద్దలు చేసిన ఈ ఏర్పాటులో ఒకటే లోపం. కొళాయి నీళ్లు వచ్చేది నాలుగింటికి. బిందెలన్నీ నింపి అమ్మాయిలు గ్రౌండు చేరేసరికే ఐదు కావస్తుంది. ఆదివారం టెంఘర్‌లో వాళ్లకు పోటీ ఉంది, జట్టు పెట్టాక ఇదే మొదటిది.

"అన్నా, పోటీ అయ్యేదాంక ఆరింటికి రాండ్రి" అని వాళ్ల కెప్టెన్ ఆర్తి సచిన్‌ను అడిగింది.

"మాకు ఎనిమిదింటికి నైట్ పాళీ. టైం అంటే టైం" అన్నాడు సచిన్.

అంత టైం మనిషి కూడా రోజూ గేటు దగ్గర గంజి గుంతలో ఇరుక్కుపోయేవాడు. ఒకనాడు జట్టంతా చెవుల్లో దూది పెట్టుకుని వచ్చారు. ఓదెలు ఒక్కొక్కరి చెవిలోంచి దూది తీసి, జేబులో వేసుకుని మొదలుపెట్టాడు. వెనక గోడ దూకబోతే ఇనుప కుర్చీ అక్కడికే వచ్చింది. చివరికి చరిత్ర బట్టీపట్టి గేటు ముందు కోరస్‌గా అప్పజెప్పారు.

"మంచిగ చెప్పిన్రు" అన్నాడు ఓదెలు. "గని గది నిన్నటిది. కూసోండ్రి."

పోటీకి ముందు రోజు, శనివారం, ఓదెలు గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

"కాకా సైలెంట్! నడువుండ్రిరా!" అని సచిన్ ఎగిరి గంతేశాడు.

ఓదెలు తొణకలేదు. రెండు చేతులూ పైకెత్తాడు.

సాంచాల షెడ్డులో పక్కవాడి మాట వినిపించదు. దారం తెగింది, కండె మార్చు, సేటు వస్తున్నాడు... అన్నీ చేతులతోనే చెప్పుకుంటారు. సచిన్ జట్టులో అందరూ సాంచాలు నడిపేవాళ్లే. ఓదెలు చేతులాడిస్తుంటే అర్థం చేసుకోకుండా ఉండటం వాళ్ల వల్ల కాలేదు.

"బర్రె దిగింది" అన్నాడు కిట్టు, తనకు తెలియకుండానే.

"దిగలేదురా, జారింది. చెయ్యి సక్కగ చూడు" అన్నాడు సచిన్.

"ఒకటి కాదు, రెండు బర్రెలు!"

"రెండోది బర్రె కాదు, సేటు!"

ఓదెలు మెచ్చుకోలుగా బొటనవేలు చూపించాడు. అంతా గేటు ముందే బాసింపట్టు వేసుకుని కూర్చుని వాదులాటలో పడ్డారు. చరిత్ర భారీ వరద దాకా వచ్చింది. ఓదెలు చేతులు పడవలై ఊగుతున్నాయి. గేటు సందులోంచి లోపలికి ఓ చూపు వేశాడు, ఉన్నట్టుండి వరద ఆగిపోయింది. ఓదెలు కుర్చీ మడిచేశాడు.

అందరం గేటులోంచి అటే చూశాం. గ్రౌండు మధ్యలో, అమ్మాయిలకు ఆట నేర్పే రూపాలి టీచర్ 'సాంచా బంద్' అన్నట్టు చెయ్యి ఊపుతోంది. చెమటలు కారుతున్న అమ్మాయిలు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒక్క అమ్మాయిని కూడా ఓదెలు ఏనాడూ గేటు దగ్గర ఆపలేదని మాకు అప్పుడు తట్టింది.

"కాకా! టీచరు చెయ్యి ఊపితే నీ వరద ఎట్ల ఆగిందే?" అన్నాడు సచిన్.

ఓదెలు వినబడలేదన్నట్టు చెవి వెనక చెయ్యి పెట్టాడు.

"చాయ్ తెచ్చిన" అన్నాడు సచిన్ గుసగుసగా.

ఓదెలు టక్కున తిరిగాడు.

సచిన్‌కు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. "వానాకాలం సంది గిందుకా మమ్మల్ని కూసోబెట్టింది? నోటితోని చెప్తే అయిపోతుండె గదా!"

'ఆ పిల్ల నోటితోనే అడిగింది' అన్నాయి ఓదెలు చేతులు. 'నువ్వు విన్నవా?'

సచిన్ బ్యాటు పిడిని గోటితో గీకాడు. "సరే. సోమవారం సంది ఆరింటికే వస్తం. గని చరిత్ర మాత్రం బంద్."

ఓదెలు మొహం వాడిపోయింది. చేతులతో బేరం పెట్టాడు. సగం చెప్తానన్నాడు. సచిన్ ఒప్పుకోలేదు. ఆఖరికి బర్రెలు లేకుండా పావు చరిత్రకు కుదిరింది.

ఆదివారం టెంఘర్‌కు సచిన్ జట్టు నైట్ పాళీ దిగి, నిద్రమొహాలతోనే వచ్చి అరిచింది. పద్మనగర్ అమ్మాయిలు ముప్పై ఒకటి, అవతలి జట్టు ఇరవై ఎనిమిది.