లబన్ సీసాల కాపలావాడు

నేను బ్నీద్ అల్ గార్‌లో మామా ఇంట్లో పనికి చేరిన నాలుగో ఏట ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మామా అంటే నా యజమానురాలు, డెబ్బై దాటిన ముసలామె. ఆమె పిల్లలంతా సెలవులకని వేరే దేశం పోయి అక్కడే చిక్కుకున్నారు. డ్రైవరు పారిపోయాడు. మిగిలింది మేమిద్దరం, ఇద్దరికీ ముక్కు మీదే కోపం.

చెత్తబండి రావడం మానేసింది. వీధి చివర గుట్టలో తిండి కుళ్ళి ఎండిపోయింది గానీ, లబన్ మజ్జిగ తాగి పడేసిన ప్లాస్టిక్ సీసాలు మాత్రం చెక్కుచెదరలేదు. గాలి వీస్తే సంచులు సముద్రం వైపు ఎగిరిపోయేవి. ఇంత చెత్త మనమే చేశామా అని సిగ్గేసేది.

ఒకరోజు కువైట్‌లోనే మంగఫ్‌లో పనిచేసే మా ఊరి అబ్బాయి వచ్చాడు. "అక్కా, ఎల్లుండి పొద్దన దేశం దాటించే బస్సు ఉండాది. ఇది పోతే మళ్ళా ఎప్పుడో తెలీదు."

మామా ఇల్లు వదలనంది. నన్ను మాత్రం "యల్లా, పో" అంది. సైనికులు ఇళ్ళు దోచుకుంటున్నారు, ఒంటరి ముసలమ్మను వదిలి ఎలా పోను? ఊళ్ళో నా బిడ్డ ఎదురుచూస్తోంది, ఎలా ఉండను?

మా కడప పక్క చెనిక్కాయల చేలో పందులకు బెదురుబొమ్మ పెడతారు. రెండుకాళ్ళ పందులకు మాత్రం ఎందుకు పెట్టకూడదు అనుకున్నాను. గుట్టలోంచి ఏరి, కడిగి, నూనె డబ్బాతో పొట్ట, బ్లీచింగ్ డబ్బాతో తల, లబన్ సీసాలతో చేతులు కట్టాను. డ్రైవరు వదిలిపోయిన లుంగీ, చొక్కా తొడిగి మేడమీద కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. వీధిలోంచి చూస్తే అచ్చం మన దేశపు వాచ్‌మనే.

మామా ముక్కు మూసుకుంది. "చెత్త తెచ్చి నా కుర్చీలో పెట్టావా? పైగా ఈ బొజ్జ. వీడికి తిండి ఎవరు పెట్టాలి?"

"ప్లాస్టిక్ కదా మామా. తినడు, కుళ్ళడు, ఎదురు చెప్పడు. నాకన్నా మేలు."

ఆమె నవ్వింది. నేను ఏడుస్తూ బస్సెక్కాను.

యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళాను. తలుపు మామాయే తీసింది, సగానికి చిక్కిపోయి. సైనికులు రెండుసార్లు గేటు దాకా వచ్చి, పైకి చూసి వెళ్ళిపోయారట. వాడి గొప్పో, దేవుడి దయో.

మేడెక్కి చూశాను. వాడి ముందు టీ గ్లాసు, అడుగున చక్కెర. కుళ్ళడన్నాను గానీ, ఎండకు పెళుసెక్కి నేను పెట్టిన చేతులు పగిలిపోయాయి. వాటి చోట కొత్త సీసాలున్నాయి. చెత్తను కాలితో కూడా తాకని మామా, గుట్టలోంచి ఏరుకొచ్చి, తన నల్ల ముసుగు చించి కట్టింది.

ముడి వదులుగా ఉందని విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"వాణ్ణి ముట్టుకోకు. ఇన్ని నెలలు నాతో కూర్చున్నది వాడే."

కిందికి దిగి టీ పెట్టాను. మూడు గ్లాసులు తెచ్చాను.