మిరప చేను దాటని మాటలు

దంతాలపల్లి దగ్గర మా మిరప చేనిలో ఏటా కాయ ఏరేది పక్క తండా ఆడవాళ్లే. వాళ్లు లంబాడీలో మాట్లాడుకుంటుంటే గట్టున నిలబడి వినేవాణ్ని. సంచి, మందు, బస్సు లాంటి మేం వాడే మాటలు మధ్యలో దొర్లేవి. ఉర్దూ నుంచి మాకొచ్చిన పరేషాన్, దవాఖాన వాళ్ల నోటా ఉన్నాయి. వాళ్లు నీళ్లను పాణి అంటారని, రొట్టెను బాటి అంటారని నాకు తెలుసు. ఆ కాస్త సరుకుతోనే నాకు లంబాడీ వచ్చని నలుగురిలో చెప్పుకునేవాణ్ని.

"పటేలుకు మన మాటొస్తదంట. ఇగ ఆయన్ని తిట్టుకునుడెట్లనే?" అని ఒక ముసలామె అందరినీ నవ్వించేది.

ఈసారి ఏరుడు నడుస్తుండగా ఆమే సాలులో కూలబడింది. మూతి ఒక పక్కకు వంగింది. దవాఖానకు తీసుకుపోదామని ఆమెను నా కారులో పడుకోబెడితే, పక్క సాలులో ఏరుతున్న ఆమె కోడలు వెంట రావడానికి ఎక్కబోయింది. కాయ మార్కెట్‌కు పంపాలి, మనుషులు తక్కువగా ఉన్నారు.

"నువ్వెందుకు బిడ్డా? నాకు మీ మాట రాదా? నేను చూసుకుంట, నువ్వు ఏరు," అన్నాను. కోడలు ఆగిపోయింది.

మహబూబాబాద్ దవాఖానలో నర్సు, ఆమె ఏం మందులు వాడుతుందో, ఎక్కడ నొప్పో అడిగి చెప్పమంది. ఏళ్లుగా నాతో తెలుగులో పరాచికాలాడిన మనిషికి ఆ పూట తెలుగు ఒక్క ముక్క రాలేదు. లంబాడీలో అడగడానికి నా దగ్గర మాట లేదు. "పాణి?" అన్నాను. తల అడ్డంగా ఊపి, నా చెయ్యి పట్టుకుని ముద్దగా ఏదేదో చెప్పసాగింది.

"ఏమంటుంది సార్?"

"జర ఆగమ్మా."

కోడలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. సద్దిగిన్నె పక్కన గట్టు మీద మోగుతూ ఉండుంటుంది. వార్డు బయట బెంచీల నిండా తండాలవాళ్లే. ఒక్కరిని పిలిస్తే సరిపోయేది. వస్తదన్న నోటితో రాదనడానికి సిగ్గుపడ్డాను. ఆమె చెబుతూనే ఉంది, నేను "ఔ, ఔ" అంటూ తలూపాను. చివరికి బయటికెళ్లి ఒకామెను పిలుచుకొచ్చేసరికి ముసలామెకు మాట పడిపోయింది. వచ్చినామె వంగి, అమ్మను పిలిచినట్టు "యాడీ, యాడీ" అని పిలిచింది. ముసలామె పెదవి కదల్లేదు.

సాయంత్రం కోడలు ఆటోలో వచ్చింది. చేతులకింకా మిరపకారం మంట ఉన్నట్టుంది, కళ్లను మోచేత్తో తుడుచుకుంది.

"ఏమన్నది పటేలా?"

"మందు అన్నది. బస్సు అన్నది. శనివారం అన్నది."

"శనివారం ఏంది?"

"తెల్వది బిడ్డా."

"గా మాటల నడుమ ఏమన్నది?"

చేనిలో మాకూ వాళ్లకూ అవసరపడిన మాటలే అటూ ఇటూ దాటాయి. మిగతావి నేనెన్నడూ అడగలేదు. మంచం ఇనుపకడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె నన్ను వదిలేసి అత్త చెవి దగ్గర మెల్లగా మాట్లాడసాగింది. అందులో ఒక్క మాటా నాకు తెలియలేదు.