పైన వేడినీళ్ళ ట్యాపు తిప్పండి!

యజ్ఞనారాయణగారు ఎవరింటికి వెళ్ళినా ముందు బేస్‌మెంట్ మెట్లు దిగుతారు. మిగతావాళ్ళు దేవుడి గది ఎక్కడని అడిగితే, ఆయన ఇల్లంతటికీ వేడినీళ్ళిచ్చే వాటర్ హీటర్ ఎక్కడని అడుగుతారు. "కడిగి ఎన్నాళ్ళయింది?" అన్నది ఆయన కుశలప్రశ్న. దాన్ని కడగాలని తెలియదన్నామో, పసిపిల్లకి నీళ్ళు పోయని తల్లిని చూసినట్టు చూస్తారు.

మా ఊరు నేపర్‌విల్‌లో ఆయన్ని ఎరగని తెలుగు ఇల్లు లేదు. పంపుల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కారు వెనక పచ్చ హోస్ పైపు చుట్ట, ఒక బకెట్, ఒక మడత కుర్చీ ఎప్పుడూ ఉంటాయి. "పాము లేకుండా శివుడైనా బయల్దేరతాడేమో గానీ, హోస్ లేకుండా ఈయన గడప దాటరు" అంటారు వాళ్ళావిడ నళినిగారు.

గ్యాస్ తగ్గించి, చన్నీళ్ళు వచ్చే వాల్వు మూసి, హీటర్ అడుగున హోస్ తగిలించి ఆయన కింద నుంచి కేక వేస్తారు. "అమ్మా! పైన వేడినీళ్ళ ట్యాపు తిప్పండి! గాలి ఆడందే అడుగున పేరిన మడ్డి దిగదు!"

పద్మజ గృహప్రవేశంలో సరిగ్గా పాలు పొంగేవేళకి ఆ కేక వినిపించింది. పురోహితుడు మంత్రం ఆపేశారు.

"ఎవరండీ అది?"

"మా హీటర్ అంకులండీ. మీరు కానివ్వండి" అంది పద్మజ.

కేక ఆగితేగా! మొగుడూ పెళ్ళాం పీటల మీద నుంచి లేవకూడదు. చివరికి పురోహితుడే వెళ్ళి ట్యాపు తిప్పి వచ్చి, వదిలిన చోటు నుంచి మంత్రం అందుకున్నారు. భోజనాలవేళ చూస్తే హీటర్‌కి కుంకుమ బొట్టు ఉంది.

మా ఇంటినీ వదల్లేదు. మావారికి గుండె ఆపరేషన్ అయిన చలికాలమంతా శనివారం శనివారం వచ్చారు. "మనుషులకే ఇన్ని స్నానాలుండవు బాబాయ్‌గారూ" అంటే, "మీది మొండి మడ్డి అమ్మా" అన్నారు. మావారు కూడా కంబళి కప్పుకుని, మెల్లగా మెట్లు దిగి ఆయన పక్కనే కూర్చునేవారు. ఏం చూసేవారో!

ఈమధ్య గుళ్ళో ప్రసాదానికి పులిహోర కలుపుతుంటే మా వీధి చివరింటి రాగిణి నా పక్కన కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా ఆయన తేజేశ్వర్‌కి ఏమైందో తెలీట్లేదు ఆంటీ. వర్క్ ఫ్రమ్ హోమ్ అని పొద్దున్నే బేస్‌మెంట్‌లోకి దిగుతాడు. లంచ్‌కి పిలిస్తే వస్తాడు, తింటాడు, మళ్ళీ కిందకే. ఏమైందంటే ఏం లేదంటాడు."

అవతల విస్తళ్ళు సర్దుతున్న యజ్ఞనారాయణగారు తలెత్తారు.

"మీ హీటర్ కడిగి ఎన్నాళ్ళయిందమ్మా?"

"అది కొత్తది అంకుల్. మొన్న దసరాకే మార్పించాం."

"కొత్తదాన్నే కనిపెట్టుకుని ఉండాలి."

రాగిణి నావైపు చూసింది. నేను పులిహోరవైపు చూశాను.

ఆ శనివారం వెళ్ళారు. పై శనివారం కూడా వెళ్ళారు. ఆ తర్వాతి శనివారం రాగిణి ఫోన్ చేసింది. "ఆంటీ, అంకుల్ మళ్ళీ వచ్చారు! వేడినీళ్ళు వాడద్దన్నారు, నా గిన్నెలన్నీ సింక్‌లోనే ఉన్నాయి. మీరైనా చెప్పండి."

ప్రసాదం ఇచ్చే మిషతో వెళ్ళాను. రాగిణి రెండు కాఫీ కప్పులు నా చేతికిచ్చి కిందకి పంపింది. మెట్ల మధ్యలో ఆగిపోయాను.

హోస్ చుట్ట విప్పనేలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నారు. మడత కుర్చీలో తేజేశ్వర్.

"జాబ్ పోయిందని ఇప్పుడెలా చెప్పను అంకుల్? నెలాఖరులోపు ఇంకోటి రాకపోతే వీసా స్టేటస్ పోతుంది. రోజూ లాప్‌టాప్ ముందు యాక్ట్ చేస్తున్నాను."

"అప్లై చేస్తున్నావు కదా?"

"చేస్తున్నాను."

"మరి యాక్టింగ్ ఏమిటి? అదీ పనే. ఆ మాటే అమ్మాయితో చెప్పు."

"ఏడుస్తుంది అంకుల్."

"ఇప్పుడేదో నవ్వుతున్నట్టు! మొన్న గుళ్ళో పులిహోర ముందు ఏడ్చింది. ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది."

తేజేశ్వర్ నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. యజ్ఞనారాయణగారు నన్ను చూశారు. నోటిమీద వేలు పెట్టుకుని, ఆ వేలు తీసి, గొంతెత్తారు.

"అమ్మా రాగిణీ! పైన వేడినీళ్ళ ట్యాపు తిప్పు!"

"తిప్పాను అంకుల్!"

"సరిగ్గా తిప్పినట్టు లేదు. నువ్వు వెళ్ళి చూడు నాయనా."

తేజేశ్వర్ లేచి, నన్ను తప్పించుకుని మెట్లెక్కాడు. పైన చాలాసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది. తర్వాత ట్యాపు ఆగింది. రాగిణి ఏడుపు వినిపించింది. ఆ వెనకే తిట్లు కూడా.

"అంతా ఒక్కడివే మోస్తావా? మరి నేనెందుకున్నాను ఇంట్లో?"

ఇక భయం లేదనుకుని, ఆ రెండు కాఫీలూ ఆయనా నేనూ తాగేశాం.

"మరి హీటర్ బాబాయ్‌గారూ?"

"దానికేం, దివ్యంగా ఉంది. కొత్తది." బకెట్ అందుకుని లేచారు. "మీ ఆయన మెట్లు బాగా ఎక్కుతున్నాడా?"

మా ఇంటి మొండి మడ్డి అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"అంటే ఆ చలికాలం మా ఇంట్లో కూడా..."

యజ్ఞనారాయణగారు కాస్త నొచ్చుకున్నారు.

"మొదటి వారం నిజంగానే కడిగానమ్మా."